మైకమ్మ నోరు మూసిన ఏడు నెలలు

మైకమ్మతో నాకు మొదటి రోజే చెడింది. మా అమ్మాయిని చంకనేసుకుని ఆవిడ గడప ముందు నిలబడితే లోపలికి రమ్మనలేదు, కూర్చోమనలేదు. అప్పటికి పిల్లకి పదకొండు నెలలు. ఇంట్లో పిచ్చుక అని పిలుచుకునేవాళ్ళం. మైకమ్మ దాని కాళ్ళూ చేతులూ కూరగాయల్ని ఎంచినట్టు నొక్కి చూసింది. "దీనికి తిండి పెడుతున్నావా, కబుర్లు పెడుతున్నావా?" అంది.

ఆ మాటకే నేను వెనక్కి తిరిగి రావాల్సింది. కానీ బస్టాండు రిజర్వేషన్ కౌంటర్లో నా సెలవు మరో రెండు రోజుల్లో అయిపోతోంది. మా ఆయనది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. నడిచి వెళ్ళే దూరంలో పిల్లల్ని చూసుకునే ఇల్లు అదొక్కటే. గతిలేనమ్మకు గంజే పానకం. పిల్లని అప్పజెప్పి వచ్చాను.

ఆవిడ అసలు పేరుతో ఆ వీధిలో ఎవరికీ ఎన్నడూ పని పడలేదు. ఇరవై రెండేళ్ళు కూరగాయల బండి తోసిన మనిషి. "లేత బెండకాయ, విరిచి చూసుకోండమ్మా!" అని వీధి మొదట్లో అరిస్తే, చివరింటి మూడో అంతస్తులో కిటికీలు వేసుకున్నవాళ్ళు కూడా సంచీ తీసుకుని దిగేవాళ్ళట. మైకమ్మ అన్న పేరు అలా వచ్చింది. మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టరు నడవొద్దన్నాక బండి అమ్మేసి, తక్కెడ మాత్రం ఉంచుకుని, పిల్లల్ని చూడటం మొదలుపెట్టింది. వెనకాముందూ ఎవరూ లేని మనిషి.

ముందుగది పొడుగ్గా ఉండేది. సిమెంటు గచ్చు మీద పెద్ద చాప, గోడవారన ఉల్లిపాయల బుట్ట, బంగాళాదుంపల బుట్ట. పైకప్పు కొక్కేనికి ఆ పాత తక్కెడ పిల్లల చేతికి అందేంత కిందికి వేలాడుతూ ఉండేది. అయిదుగురు పిల్లలు పొద్దస్తమానం ఏదో ఒకటి తూస్తూనే ఉండేవాళ్ళు. ఒకసారి వెళ్ళేసరికి ఒక పళ్ళెంలో నా కూతురి చెప్పులు, రెండో పళ్ళెంలో నా కూతురి కాలు.

తలుపు దగ్గర కుర్చీలో కూర్చుని మైకమ్మ మాట్లాడుతూ ఉండేది. పొద్దున ఏడున్నర నించి సాయంత్రం ఆరు దాకా ఆ నోటికి తెరిపి లేదు. పాలుతాగే పిల్లలతో ముద్దుమాటలాడటం ఆవిడకి చేతకాదు. బేరం తెగని గిరాకీతో పోట్లాడినట్టు పోట్లాడేది.

"ఏమే పిచ్చుకా, ఉల్లిపాయ కొరికావా? ఘాటుగా ఉందా? ఉంటుంది. నే చెబితే విన్నావా? ఇప్పుడు ఏడువు. ఏడిస్తే ఘాటు తగ్గుతుందా? తగ్గదు. నీళ్ళు తాగు. ఈ గ్లాసు ఎవరిదే? నాదా? నాదైతే నువ్వెందుకు తాగుతున్నావు?"

అడిగి ఆగేది. పిల్ల ఏదో ఒకటి అనేదాకా ఆగేది. అది "ఊ" అంటే ఆ "ఊ"తో మళ్ళీ కొట్లాట.

ఫలితం మా ఇంట్లో తెలిసింది. పిచ్చుకకి ఏడాదీ తొమ్మిది నెలలప్పుడు మా ఆయన పదిరోజుల ప్రయాణం నించి వస్తే, అది ఆయన్ని పైనించి కిందిదాకా చూసి, "ఇప్పుడా రావడం?" అంది. ఆయన కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తర్వాతి వారం మా స్టేషను మేనేజరు భార్యతో సహా మా ఇంటికి వచ్చాడు. ఆయన రెండో బిస్కెట్టు తీసుకోబోతుంటే మా పిల్ల నడుం మీద చెయ్యి పెట్టుకుని, "తిన్నది చాల్లే, లే," అంది. ఆయన బిస్కెట్టు పళ్ళెంలో పెట్టేశాడు. నవ్వాడనుకోండి. ఆయన భార్య నవ్వలేదు. నా తల కొట్టేసినట్టయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పక్క కౌంటరావిడ తన కొడుకు వీడియోలు చూపించడం మొదలుపెట్టింది. వాడిదీ మా పిల్ల వయసే. ఎర్రబంతి చూపిస్తే ఎరుపు అంటాడు, ఇరవై దాకా గడగడా చదువుతాడు, గ్రహాల పేర్లు వరసగా చెబుతాడు. వాడిని వదిలే చోట టీవీ ఉందట. రోజంతా పిల్లలకి చదువు చెప్పే కార్యక్రమాలేనట.

"మీ అమ్మాయి ఎంతవరకూ లెక్కపెడుతుంది?" అని అడిగింది.

"పది," అన్నాను. అబద్ధం. మా పిల్లకి వచ్చిన లెక్కల్లా "రెండు కాదు, మూడివ్వు" అని పేచీ పెట్టడమే.

మైకమ్మ దగ్గర వదిలే పిల్లల్లో ఒకడికి బుడంకాయ్ అని పేరు. బొద్దుగా ఉంటాడు. పదిహేను నెలలవాడు. వాళ్ళ నాన్న బ్యాంకులో పనిచేస్తాడు. చొక్కా మడత నలగదు, మాట మడత నలగదు. ఆయనా నేనూ ఒకరోజు గేటు దగ్గర మాట్లాడుకున్నాం. మిగతా తల్లిదండ్రుల్ని కూడగట్టడానికి రెండు రోజులు పట్టింది. శనివారం సాయంత్రం అందరం మైకమ్మ గడప ముందు చేరాం.

బ్యాంకాయన మొదలుపెట్టాడు. "చూడండమ్మా, కాలం మారింది. పిల్లలకి ఇప్పట్నించే అంకెలూ అక్షరాలూ అలవాటవ్వాలి."

"దేనికి బాబూ? సోమవారం బ్యాంకులో చేరతారా?"

"నవ్వులాట కాదు. ఇప్పుడు మంచి కార్యక్రమాలొస్తున్నాయి. చదువు చెప్పేవి. శుభ్రమైన భాష. మా ఇంట్లో ఇంకో టీవీ ఉంది, ఊరికే తెచ్చి పెడతాను."

"శుభ్రమైన భాషా? నా భాషకి మురికి అంటిందా?"

అప్పుడు నేను నోరు విప్పాను. "అంటింది పెద్దమ్మా. ఇంటికొచ్చినవాళ్ళని మా పిల్ల లేచి పొమ్మంటోంది. అది చదువుకోకపోయినా పర్లేదు, మీరు కాస్త నోరు తగ్గించుకుంటే అదే పదివేలు."

మైకమ్మ నావైపు తిరిగింది. అంత సేపు నా మొహం చూడటం అదే మొదలు.

"అమ్మాయ్, నేనొకటి అడిగితే నీ కూతురు జవాబు చెబుతుంది. అది విని నేను ఇంకోటి అడుగుతా. ఆ పెట్టె అడిగినదానికి నీ కూతురు చెప్పే జవాబు పెట్టె వింటుందా?"

"పెద్దయ్యాక వింటారు లెండి, టీచర్లు," అన్నాడు బ్యాంకాయన. "ఇది మా అందరి మాట. కుదరదంటే వేరే చోటు చూసుకుంటాం."

అయిదుగురు పిల్లల్లో నలుగురి తరఫున వచ్చాం. ఆ పిల్లలు పోతే ఆవిడ పొయ్యి వెలగదని మాకు తెలుసు. తెలిసే అన్నాం.

"పెట్టుకోండి," అని లోపలికి పోయింది మైకమ్మ.

ఆదివారం టీవీ గోడకెక్కింది. తక్కెడ తెరకి అడ్డం వస్తోందని బ్యాంకాయనే దాన్ని విప్పి వంటగదిలో పెట్టాడు. ఒక చార్టు టైపు చేసి తెచ్చి గోడకి అంటించాడు. పొద్దున గంట, మధ్యాహ్నం అరగంట. ఆ చార్టు చూసి నాకు కడుపు నిండింది.

ఆ మర్నాటి నించి వీధి మూగబోయింది. ఇస్త్రీ బండి అతను నన్ను ఆపి, "మైకమ్మకి ఒంట్లో బాగోలేదా అమ్మా?" అని అడిగాడు. బాగానే ఉంది, బుద్ధొచ్చింది అని చెప్పాను.

రెండు నెలలకి పిచ్చుక ఇరవై దాకా చెప్పసాగింది. రంగులు చెప్పేది. "నమస్కారం నేస్తాలూ! ఈ రోజు మనం ఏం నేర్చుకుందాం?" అని తేనె పూసిన గొంతుతో అడిగేది. జవాబు కోసం మాత్రం ఆగేది కాదు. అలా అడిగేసి ఇటు తిరిగి బొమ్మతో ఆడుకునేది. నేను వీడియో తీసి పక్క కౌంటరావిడకి చూపించాను. ఆవిడ మొహం చిన్నబోవడం చూసి ఆ రోజు టిక్కెట్లు హుషారుగా కొట్టాను.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. సాయంత్రం ఆరుకి నేను పిల్లని తీసుకురావడానికి వెళ్ళిన ప్రతిసారీ టీవీ నడుస్తూనే ఉండేది. చార్టులో సాయంత్రం లేదు. ఒకరోజు తలనొప్పని పదకొండుకే వెళ్ళాను. నడుస్తోంది. ఇంకోరోజు మూడింటికి వెళ్ళాను. నడుస్తోంది. పిల్లలు చాప మీద వరసగా కూర్చుని నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. మైకమ్మ గదికి వీపు పెట్టి బయట మెట్టు మీద కూర్చుని ఉంది. పిల్ల సంచీ అందించేది, అంతే. "వచ్చిందే మీ అమ్మ" అన్న మాట కూడా లేదు. నేను పిచ్చుకని ఎత్తుకుంటే దాని ఒళ్ళు నా చేతుల్లోకి వచ్చేది, మెడ మాత్రం తెరవైపే తిరిగి ఉండేది.

చూశాను. అడగలేదు. సాయంత్రం వచ్చే మిగతా తల్లులూ అడగలేదు. అడిగితే ఆవిడ మళ్ళీ మాట్లాడటం మొదలుపెడుతుంది.

ఏడు నెలలు అలా గడిచాయి. బుడంకాయ్‌కి రెండేళ్ళు దగ్గరపడ్డాయి. టీవీ రాకముందు వాడికి రెండు మాటలుండేవి, "దా" ఒకటి, "ఇయ్" ఒకటి. ఇప్పుడు అవీ లేవు. దాహమేస్తే ఎవరి చెయ్యో పట్టుకుని బిందె దాకా లాక్కెళ్ళేవాడు. పిలిస్తే తిరిగేవాడు కాదు. వాళ్ళమ్మ చెవుల పరీక్ష చేయించింది. చెవులు బాగానే ఉన్నాయి. పిల్లల డాక్టరు దగ్గరికి మొగుడూపెళ్ళాలిద్దరూ తీసుకెళ్ళారు. అక్కడ ఏం జరిగిందో ఆ తల్లే తర్వాత నాకు చెప్పింది.

"రోజుకి ఎంతసేపు టీవీ చూస్తాడు?" అని అడిగిందట డాక్టరమ్మ.

"గంటన్నర. అదీ చదువుకి సంబంధించిందే," అన్నాడట బ్యాంకాయన.

"ఈ వయసులో చదువుదైనా, ఇంకోటైనా నాకు ఒకటే. ఆపేయండి. మాటలు కొందరికి ఆలస్యంగా వస్తాయి, దీనికి టీవీ ఒక్కటే కారణమని నేను చెప్పలేను. కానీ ఒకటి చెప్పండి. పగలంతా పిల్లాడితో మాట్లాడేదెవరు?"

దానికి బ్యాంకాయన లేచి, పిల్లాణ్ణి ఎత్తుకుని బయటికి నడిచాడట.

ఆ సాయంత్రం ఆరుకి నేను వెళ్ళేసరికి బ్యాంకాయన మైకమ్మ గడప మీద ఉన్నాడు. చొక్కా నలిగి ఉంది. వెనక ఆయన భార్య, ఆవిడ భుజం మీద బుడంకాయ్. మిగతా తల్లులు ఒక్కొక్కరే వచ్చి చేరుతున్నారు.

"రోజుకి ఎంతసేపు పెడుతున్నావు టీవీ?" అన్నాడాయన.

మైకమ్మ మెట్టు మీంచి లేవలేదు. "మొన్నటిదాకా 'మీరు'గా ఉన్నాను. ఏకవచనంలోకి దిగావా బాబూ?"

"అడిగినదానికి చెప్పు!"

"పొద్దున మీరు దింపి వెళ్ళినప్పటినించీ, సాయంత్రం ఎత్తుకెళ్ళేదాకా."

"గోడ మీద చార్టు ఏమైంది?"

"గోడ మీదే ఉంది. మీరు నన్ను నోరు తగ్గించుకోమన్నారు. తగ్గించుకున్నా. పిల్లలకి చదువు కావాలన్నారు. పెట్టా. కడుపునిండా పెట్టా."

"నా కొడుకు నోరు పడిపోయింది నీ వల్ల!"

"నా నోరు కట్టేసింది ఎవరు?" అప్పటికి లేచింది మైకమ్మ. ఏడు నెలలు దాచుకున్న గొంతు ఒక్కసారి బయటికొచ్చేసరికి ఇస్త్రీ బండి అతను పెట్టె పక్కనపెట్టి చూశాడు. "వాడు వచ్చిన కొత్తలో దా, ఇయ్ అనేవాడు. నేను దుంప లాక్కుంటే నా మీద పడి రక్కేవాడు. ఆ తక్కెడ తీసి మూల పడేసింది ఎవరు? నువ్వు కాదూ? పోనీ, సాయంత్రం ఆరు నించి పొద్దున ఏడున్నర దాకా మీ దగ్గరే ఉంటాడుగా. అక్కడ ఎన్ని మాటలు నేర్పావు?"

"మేం ఉద్యోగాలు చేసి అలిసిపోయి..." అంటున్నాడాయన.

"ఇంట్లో కూడా అదే పెడుతున్నాం," అంది ఆయన భార్య. గట్టిగా అనలేదు. కానీ అందరికీ వినపడింది.

ఆయన పెళ్ళాం వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. తర్వాత దిక్కుతోచక నావైపు తిరిగాడు. "మీరు చెప్పండి. రోజూ వస్తారుగా. ఇది పొద్దస్తమానం పెడుతోందని మీకు తెలుసా?"

"తెలీదు," అన్నాను.

మైకమ్మ నన్ను చూసింది. రోజూ సాయంత్రం ఆ తెర వెలుగులోనే నాకు సంచీ అందించిన మనిషి. ఒక్కమాటతో నన్ను వీధిలో నిలబెట్టేయగలదు. ఏమనుకుందో, అనలేదు. లోపలికెళ్ళి కూరలు తరిగే కత్తి తెచ్చింది. ఎవరో కెవ్వుమన్నారు. ఆవిడ స్టూలు లాక్కుని, ఆ మోకాళ్ళతోనే ఎక్కి, కత్తి మొనతో టీవీ మరలు విప్పడం మొదలుపెట్టింది. పడిపోతుందని బ్యాంకాయన పరుగెత్తి కింద పట్టుకున్నాడు. చివరి మర ఊడేసరికి మొత్తం బరువు ఆయన మీదికే వచ్చింది.

"మోసుకుపో," అంది మైకమ్మ.

మర్నాడు ముగ్గురు పిల్లలు రాలేదు, బుడంకాయ్‌తో సహా. నేను మాత్రం పిచ్చుకని అక్కడే దింపాను. నా మంచితనం అనుకునేరు. ఎనిమిదింటికి కౌంటరు తెరవాలి, వేరే చోటు లేదు, అంతే.

తక్కెడ కొక్కేనికెక్కింది. మైకమ్మ మళ్ళీ మాట్లాడటం మొదలుపెట్టింది. అయితే పిల్లలు జవాబు చెప్పలేదు. పిచ్చుక నాలుగు రోజులు గోడ మీద టీవీ మరలు ఊడిన కంతలు చూపించి ఏడ్చింది. అయిదో రోజు మైకమ్మ చెయ్యి కొరికింది. "కొరుకవే, కొరుకు. పళ్ళు ఉన్నది అందుకేగా. ఎలా ఉంది? ఉప్పగా ఉందా? చెప్పు, చెప్పకపోతే రెండో చెయ్యి ఇవ్వను," అందట ఆవిడ. "ఉప్పగా," అందట మా పిల్ల. ఇది అక్కడ మిగిలిన రెండో పిల్ల తల్లి నాకు చెప్పింది.

ఇంట్లో నేనూ టీవీ కట్టేశాను. పూర్తిగా కాదు. సాయంత్రం అరగంట, అదీ నేను పక్కన కూర్చుంటే. ఆ అరగంట ఎంత విసుగో చెప్పలేను. తెర మీద కప్ప "ఇది ఏ రంగు?" అంటుంది. నేను పిల్లవైపు తిరిగి "ఇది ఏ రంగే?" అంటాను. "నీకు తెలీదా?" అంది పిచ్చుక ఒకరోజు. కప్పకి జవాబు చెప్పే పిల్ల నాతో దెబ్బలాడింది. ఆ రోజు నాకు కోపం రాలేదు.

నెలన్నర తర్వాత బుడంకాయ్ తల్లి వాణ్ణి తీసుకుని మైకమ్మ గడప ముందు నిలబడింది. ఇంకోచోట వేశారు, వాడు అక్కడ ఒక మూల కూర్చుని లేవడం లేదట. మైకమ్మ ఆవిణ్ణి పావుగంట నిలబెట్టింది. నేను పక్కనే ఉన్నాను.

"మీ ఆయన నా గడప తొక్కనన్నాడుగా?"

"ఆయన తొక్కరు. నేను తెచ్చాను."

"ఇప్పుడు నా భాష పనికొచ్చిందా?"

ఆ తల్లి తల దించుకుంది. పిల్లాణ్ణి మైకమ్మ లాక్కున్నంత పని చేసింది. "ఏరా బండరాయీ, నీళ్ళు కావాలా? చెయ్యి లాగుతావేం? నేనేమన్నా గొడ్డునా? నోట్లో నాలుకుందా, లేదా? ఆ అను, చూస్తా." వాడు ఆవిడ చెయ్యి లాగుతూనే ఉన్నాడు. ఆవిడ కదల్లేదు.

ఇంకో రెండు నెలలకి వాడి నోట మళ్ళీ మాట వచ్చింది. తక్కెడ పళ్ళెంలో వాడు పెట్టిన దుంప పెట్టినట్టే ఆవిడ తీసేస్తోందట. నాలుగోసారి తీసేసరికి వాడు ఎర్రబడిపోయి "పో!" అని అరిచాడట. మైకమ్మ వీధిలోకి వచ్చి, "నన్ను పొమ్మన్నాడర్రా!" అని పాత కూరగాయల గొంతుతో కేకేసింది. బ్యాంకాయనకి ఈ కబురు తెలిసి, "మళ్ళీ వచ్చిన మొదటి మాట అదా?" అని మొహం ముడుచుకున్నాడని వాళ్ళావిడ చెప్పింది. అంతమాత్రాన అన్నీ చక్కబడలేదు. ఇప్పటికీ ఆ పిల్లాడు ఈడు పిల్లలకంటే వెనకే. వారానికొకసారి మాటలు నేర్పే ఆవిడ దగ్గరికి తీసుకెళ్తారు. వాళ్ళ నాన్న రోడ్డుకి అవతలి పక్కన బండి ఆపుకుని కూర్చుంటాడు గానీ ఇటు రాడు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం, మిగతావాళ్ళు వెళ్ళిపోయాక, నేను మైకమ్మని అడిగాను. "పెద్దమ్మా, ఏడు నెలలు ఎలా ఉండగలిగారు మాట్లాడకుండా?"

ఆవిడ మోకాలు రుద్దుకుంది. "మీ మీద కోపంతో," అంది. "అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకున్నాను. వాడు చెయ్యి పట్టుకుని లాగినప్పుడల్లా నీళ్ళిచ్చి మళ్ళీ చాప మీద పడేశా. చూస్తూ చూస్తూ. డాక్టరమ్మ కాదంటే కాదనుకోవచ్చు. నాకు తెలుసు."

నేను పిచ్చుక సంచీ అందుకున్నాను.

"నీకూ తెలుసు," అంది.

"తెలుసు."

"మరి తెలీదన్నావే అందరి ముందూ?"

ఆవిడ ఆగింది. పిల్లల జవాబు కోసం ఆగినట్టే ఆగింది. నేను పిచ్చుక చెప్పులు తొడగడానికి వంగాను. తల ఎత్తేసరికి లోపలికెళ్ళిపోయింది.

తర్వాత ఏడాదిన్నర మా మధ్య అవసరానికి మించిన మాట లేదు. పిచ్చుక బడిలో చేరింది. అది ఎదురు ప్రశ్నలు వేస్తోందని టీచరు రెండుసార్లు కబురు పెట్టింది. వెళ్ళి విని వచ్చాను. మైకమ్మ ఎక్కడైనా ఎదురైతే నన్ను పలకరించదు, నేనూ పలకరించను. పిచ్చుకని మాత్రం ఆపుతుంది. "ఏమే, ఆ జడ ఎవరు వేశారే? ఎలక కొరికిందా?" అంటుంది. "నీ జుట్టు చూసుకో ముందు," అంటుంది మా పిల్ల. ఇద్దరూ నడిరోడ్డు మీద వాదులాడుకుంటారు. నేను రెండు చేతులా సంచీలు మోస్తూ పక్కన నిలబడతాను.